పన్నెండేళ్ల బిడ్డ బడిలో ఏమి నేర్చుకుంటున్నాడు?

క్రిస్మస్‌కు ముందు మా పాలెంలో ప్రతి రాత్రి ఒక ఇంట్లో గృహకూడిక జరగటం ఆనవాయితీ. ఆ రాత్రి కూడిక ముగిసింది. టీ గ్లాసులు చేతులు మారుతున్నాయి. ఆ ఇంటి సహోదరిని పలకరింపుగా అడిగాను.

"మీ పెద్దబ్బాయి ఏం చదువుతున్నాడమ్మా?"

"ఏడో తరగతి, మాస్టారూ."

"ఏడులో ఏం పాఠాలు చెబుతున్నారట?"

ఆమె నవ్వింది. "నాకేం తెలుసుద్ది మాస్టారూ! మేం వేలిముద్రోళ్లం. పొద్దున్నే సంచి తగిలించుకొని పోతన్నాడు, సాయంత్రం వస్తన్నాడు. బడిలోనే ఉన్నాడుగదా!"

సంక్రాంతి సెలవులు అయిపోయి నెల తిరక్కముందే సంగతి బయటపడింది. సంచి తగిలించుకొని పోతున్న మాట నిజమే కాని, ఆ పిల్లవాడు బడికి వెళ్లటం లేదు. పక్క ఊరి మిరప కోతలకు పోతున్నాడు. సంచిలో పుస్తకాలకు బదులు అన్నం గిన్నె ఉంటోంది. బడివారు కబురు పెట్టలేదా అంటే పెట్టారు. ఆ కాగితం వాడి చేతికే ఇచ్చి పంపారు. తల్లికి చదువు రాదు. చదివి చెప్పవలసినవాడు వాడే.

నేను వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని అడిగాను. చాలాసేపు తల ఎత్తలేదు. చివరకు అన్నాడు: "లెక్కల్లో మైనస్‌లు వచ్చినయ్ మాస్టారూ. నాకు అర్థం కాలా. లేచి అడిగితే అందరూ నవ్వారు. ఇంక అడగలా."

నేను లెక్కల పంతులుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. ఆ మాట నాకు గుచ్చుకుంది. నా తరగతిలో కూడా వెనుక బల్లల మీద అడగటం మానేసిన తలలు ఎన్ని ఉండేవో ప్రభువుకే తెలియాలి.

ప్రియ పాఠకులారా, లూకా సువార్త రెండవ అధ్యాయములో మన ప్రభువు బాల్యమును గూర్చిన సంగతి ఒకటి ఉన్నది. ఆయనకు పన్నెండేండ్లు. పండుగ ముగిసి యోసేపు మరియలు తిరుగు ప్రయాణమయ్యారు. బిడ్డ గుంపులోనే ఉన్నాడనుకొని ఒక దినమంతా నడిచారు. ఆ తరువాత బంధువులలో వెదికారు, కనబడలేదు. వెనుకకు తిరిగి వెళ్లి చూస్తే మూడు దినములకు దేవాలయములో బోధకుల నడుమ కూర్చొని, వారి మాటలు వింటూ, వారిని ప్రశ్నలు అడుగుతూ కనబడ్డాడు.

పన్నెండేండ్లు అంటే మన లెక్కలో ఏడవ తరగతి. ఆ తల్లిదండ్రులు ఒక్క దినము నడిచి వెనుకకు తిరిగారు. మనమైతే "బడిలోనే ఉన్నాడులే" అనుకొని ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు, అనగా మూడేండ్లు నడిచిపోతున్నాము. వెనుదిరిగి చూసేసరికి కొందరు పిల్లలు దొరకటం లేదు.

అందుచేత ఈ మూడు తరగతులలో బిడ్డలు చదివేది ఏమిటో, సబ్జెక్టు వారీగా, మన ఇంటి భాషలో చెప్పాలని నా ఆశ. చదువు రాని తల్లిదండ్రులు కూడా దీనిని తెలుసుకోగలరు. తెలుసుకున్నవారు అడగగలరు.

ఐదు దాటితే ఏమి మారుతుంది?

ఐదవ తరగతి వరకు చాలా ఊళ్లలో ఒకరిద్దరు పంతుళ్లే అన్నీ చెబుతారు. పిల్లవాడి పేరు, వాడి అమ్మ పేరు, వాడు ఏ అక్షరం దగ్గర తడబడతాడో కూడా వారికి తెలుసు. ఆరవ తరగతికి వచ్చేసరికి బడి మారుతుంది, దారి మారుతుంది. గంట కొట్టినప్పుడల్లా ఒక పంతులు పోయి మరొకరు వస్తారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషలు అని ఆరు సబ్జెక్టులు. ఒక్కొక్కరు తమ పాఠం చూస్తారు. మొత్తం పిల్లవాణ్ణి చూసేవారు ఎవరు? ఆ స్థలము ఇంట్లోవారిదే.

2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుండి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలి. మూడేళ్లకు 3,000 గంటలు. అంత కాలము మన బిడ్డ ఎక్కడ కూర్చొని ఏమి వింటున్నాడో తెలియకుండా ఉండటం తగునా?

పుస్తకాలు అప్పుడప్పుడు మారుతాయి, పాఠాల వరుస ముందు వెనుకలవుతుంది. కాని ఈ మూడు తరగతులలో నేర్చే మూలవిషయాలు దాదాపు అవే ఉంటాయి.

మూడు భాషలు

మొదట తెలుగు. ఐదవ తరగతి వరకు పిల్లలు చదవటం నేర్చుకుంటారు. ఆరు నుండి చదివి నేర్చుకోవాలి. ఈ తేడా చిన్నది కాదు. చదవటం రాని బిడ్డకు ఆరవ తరగతిలో సైన్సూ రాదు, సోషలూ రాదు. లెక్కలో అడిగినది ఏమిటో అర్థం కాదు కనుక లెక్కా రాదు. ప్రథమ్ అనే సంస్థ 2005 నుండి ఊరూరా తిరిగి చేస్తున్న ఏసర్ సర్వేలు ఈ సంగతినే చెబుతూ వస్తున్నాయి. పై తరగతులలో కూర్చున్న పిల్లలలో చాలామంది రెండవ తరగతి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోతున్నారు.

తెలుగు పుస్తకంలో శతక పద్యాలు, కథలు, లేఖలు, గొప్పవారి జీవితాలు ఉంటాయి. వెనుక వ్యాకరణం ఉంటుంది: నామవాచకం, సర్వనామం, క్రియ, ఆ తరువాత సంధులు, సమాసాలు. సంధి అంటే భయపడవద్దు. మన ప్రార్థనలలోనే సంధులు ఉన్నాయి. దేవ, ఆలయము కలిస్తే దేవాలయము, ఇది సవర్ణదీర్ఘసంధి. సర్వ, ఉన్నతుడు కలిస్తే సర్వోన్నతుడు, ఇది గుణసంధి. ఆదివారం గుడిలో విన్న మాటను సోమవారం బడిలో విడదీయగలిగిన పిల్లవాడికి వ్యాకరణం కొరుకుడు పడని గింజగా ఉండదు. మన కీర్తనల పుస్తకం కూడా మంచి తెలుగు పాఠమే. పురుషోత్తమ చౌదరిగారి వంటి భక్తులు వ్రాసిన కీర్తనలు పాడే పిల్లల నోట పెద్ద పెద్ద మాటలు వాటంతట అవే నిలుస్తాయి.

చదువు రాని తల్లికి ఒక పరీక్ష చెబుతాను. రాత్రి కుటుంబ ప్రార్థనలో బిడ్డ చేతికి బైబిలు ఇచ్చి పది వచనాలు గట్టిగా చదవమనండి. ప్రతిసారి కొత్త అధ్యాయం ఇవ్వండి, ఎందుకంటే తెలిసిన కీర్తన అయితే కంఠతా వచ్చినది చెప్పేస్తాడు. ఎక్కడ ఆగుతున్నాడో, ఏ ఒత్తు దగ్గర మింగేస్తున్నాడో వినటానికి మీకు చదువు అక్కరలేదు, చెవులు చాలు. బైబిలు భాష కొంచెం పాతది కనుక కొన్ని మాటల దగ్గర ఎవరైనా ఆగుతారు. కాని వరుసకు నాలుగు చోట్ల ఆగితే బిడ్డకు సాయం కావాలని గ్రహించండి. కసురుకోవద్దు. రోజూ చదివించండి.

రెండవది ఇంగ్లీషు. ఇప్పుడు ఎక్కువ బడులలో పాఠాలే ఇంగ్లీషులో చెబుతున్నారు. ఇది తల్లిదండ్రులకు పెద్ద భయమైపోయింది. అయితే ఇటీవలి సంవత్సరాలలో రెండు తెలుగు రాష్ట్రాలలోను ప్రభుత్వ పాఠ్యపుస్తకాలను ఒక పుట ఇంగ్లీషులో, ఎదుటి పుట తెలుగులో అచ్చువేశారు. చాలా ఇళ్లలో ఆ తెలుగు పుటను ఎవరూ తెరవటం లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లవాడు తెలుగు చూడటం నామోషీ అనుకుంటున్నారు. అది పొరపాటు. ముందు తెలుగు పుట చదివి విషయం తెలుసుకొని, తరువాత ఇంగ్లీషు పుట చదివితే మాటలు వాటంతట అవే పట్టుబడతాయి. దానియేలును, అతని స్నేహితులను కల్దీయుల భాష, విద్య నేర్చుకొనుటకు పెట్టినప్పుడు వారు దానిని బాగుగా నేర్చుకున్నారు. అయినా తమ ఇంటి ప్రార్థనను మరచిపోలేదు. పరాయి భాష నేర్చుకొనటానికి సొంత భాష విడువనవసరం లేదు.

మూడవది హిందీ. మన ప్రభుత్వ బడులలో చాలా వరకు ఆరవ తరగతిలోనే అక్షరాలతో మొదలవుతుంది. అక్షరాల వరుస మన తెలుగు వరుసే: క, ఖ, గ, ఘ. కనుక తెలుగు గుణింతం వచ్చిన బిడ్డకు హిందీ సగం వచ్చినట్టే. ఇక్కడ అందరూ ఒకే గీత మీద నిలబడి మొదలుపెడతారు. వెనుకబడిన పిల్లవాడికి "నాకూ వస్తుంది" అనే ధైర్యం కలిగించటానికి ఇది మంచి అవకాశం.

లెక్కలు

పిల్లలు ఎక్కువగా జారిపోయే చోటు ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

ఆరులో భిన్నాలు, దశాంశాలు, క.సా.గు., గ.సా.భా., నిష్పత్తి వస్తాయి. సున్నాకు ఎడమ పక్కన ఉండే మైనస్ సంఖ్యలు కూడా ఇక్కడే మొదలవుతాయి. ఏడులో ఆ మైనస్‌లతో కూడికలు, గుణకారాలు, సమీకరణాలు, శాతాలు, లాభనష్టాలు, బారువడ్డీ. ఎనిమిదిలో చక్రవడ్డీ, వర్గమూలాలు, వైశాల్యాలు, ఘనపరిమాణాలు.

ఇవి పుస్తకంలో కొత్త పేర్లతో ఉంటాయి గాని మన ఇళ్లలో పాతవే. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చామనుకోండి. నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. ఏడాది వడ్డీ 4,800 రూపాయలు. రెండేళ్లకు బారువడ్డీ అయితే అసలుతో కలిపి 29,600. మొదటి ఏడాది వడ్డీని అసలులో కలిపి మళ్లీ వడ్డీ కడితే, అనగా చక్రవడ్డీ అయితే, 30,752. తేడా 1,152 రూపాయలు. ఈ లెక్క ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలలో ఉన్నది. నోటు మీద వేలిముద్ర వేసే తండ్రి పక్కన ఈ లెక్క వచ్చిన బిడ్డ కూర్చుంటే ఆ ఇంటికి ఎంత మేలో చెప్పనక్కరలేదు.

పొలం కూడా లెక్కే. ఎకరానికి 4,840 చదరపు గజాలు, నూరు సెంట్లు. తెలంగాణలో గుంటల లెక్క అయితే నలభై గుంటలు. పొడవు వెడల్పులు కొలిచి, గుణించి, ఇది ఎన్ని సెంట్లని ఏడవ తరగతి పిల్లవాడు చెప్పగలగాలి. మీ దొడ్డిని కొలిపించి చూడండి.

ఇక ఆ మైనస్‌ల సంగతి. ఆ పిల్లవాణ్ణి, వాళ్ల అమ్మను మా వరండాలో కూర్చోబెట్టాను. "నీ దగ్గర యాభై రూపాయలు ఉన్నాయి, కొట్లో ఎనభై బాకీ ఉంది. లెక్కకు నీ దగ్గర ఎంత?" అని అడిగాను. వాడు ఆలోచిస్తుండగానే వాళ్ల అమ్మ "ముప్పై అప్పు" అన్నది. "అంతే, దాన్నే పుస్తకంలో మైనస్ ముప్పై అంటారు" అన్నాను. వాడి కళ్లు విప్పారాయి. కాని అసలు చిక్కు ముందున్నది. మైనస్ ముప్పైని తీసివేస్తే ప్లస్ ముప్పై ఎందుకవుతుంది? నేను ఏళ్ల తరబడి పిల్లలకు "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, అంతే, రాసుకోండి" అని చెప్పినవాణ్ణి. ఈసారి కూడా నా నోట అదే వచ్చింది.

ఆ సహోదరి డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. పదిమంది పొదుపు లెక్క నోటితోనే చెప్పగలదు. ఆమె కొడుకు వైపు తిరిగి ఇలా అన్నది: "ఏందిరా అర్థం కానిది? ముప్పై అప్పుంది. షావుకారు ఆ అప్పు కొట్టేశాడు. నీకు ముప్పై కలిసొచ్చినట్టే కదా?"

నేను ఒక్క క్షణం మాట్లాడలేకపోయాను. అప్పు మైనస్. కొట్టివేయటం మరొక మైనస్. అప్పు కొట్టివేస్తే లాభం. ఇంత సులువుగా నా సర్వీసులో ఒక్కసారి కూడా చెప్పలేదు. మన ఋణపత్రమును కొట్టివేసిన ప్రభువును ఎరిగిన మనకు ఇంతకన్న తెలిసిన లెక్క ఏమున్నది? ఆ రోజు ఆ పిల్లవాడికి పాఠం చెప్పినది నేను కాదు, వేలిముద్ర వేసే వాళ్ల అమ్మ.

అందుకే చెబుతున్నాను. "మాకేం తెలుసు" అని తప్పుకోవద్దు. మీకు తెలిసినది చాలా ఉన్నది. దానికి పుస్తకంలో పెట్టిన పేరు మాత్రమే మీకు తెలియదు.

సైన్సు

ఆరు, ఏడు తరగతులలో సైన్సు ఒకే పుస్తకం. పై తరగతులకు పోయేకొద్దీ భౌతిక రసాయన శాస్త్రం ఒకటి, జీవశాస్త్రం ఒకటిగా విడిపోతుంది. ఆహారంలోని పోషకాలు, మొక్కల భాగాలు, అయస్కాంతం, వెలుతురు, నీడ, వేడిమి, గాలి, నీరు, ఆమ్లాలు, క్షారాలు, ఆ తరువాత పంటల సాగు, సూక్ష్మజీవులు, బలము, ఘర్షణ ఇవన్నీ ఈ మూడేళ్లలో వస్తాయి.

పసుపు మరక పడిన చొక్కాకు సబ్బు రుద్దితే మరక ఎర్రబడటం ప్రతి తల్లీ చూసినదే. అది ఏడవ తరగతి పాఠం. సబ్బు క్షారం, పసుపు సూచిక. దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది, ఎందుకంటే నిమ్మరసం ఆమ్లం. బట్టలు ఉతికే చోట బిడ్డను పిలిచి చూపించండి. వరి కోసిన పొలంలో మినుము, పెసర చల్లితే నేలకు బలమని మన పెద్దలు చెప్పేవారు. ఆ మొక్కను మెల్లగా పెరికి వేర్లు చూడండి, చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో రైజోబియం అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. ఎనిమిదవ తరగతిలో పంటల పాఠం చదివే పిల్లవాడు ఆదివారం సాయంత్రం తండ్రితో చేలోకి వెళితే పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు మరచిపోడు.

ఎదిగే వయసును గూర్చిన పాఠం కూడా ఈ తరగతులలో ఉంటుంది. శరీరములో వచ్చే మార్పులు, ఆడపిల్లల నెలసరి, శుభ్రత, మంచి ఆహారం. కొన్ని ఇళ్లలో ఈ పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూయిస్తున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. దేవుడు కలుగజేసిన శరీరమును గూర్చి బిడ్డ తల్లి నోట, పంతులమ్మ నోట వినకపోతే వీధిలో, సెల్‌ఫోనులో వింటాడు. ఆడపిల్ల పెద్దమనిషి అయిందని బడి మాన్పించేవారు ఇంకా ఉన్నారు. పద్దెనిమిది ఏండ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయటం చట్టరీత్యా నేరము. సంఘ పెద్దలు కూడా ఈ విషయంలో గట్టిగా నిలువవలసియున్నది.

సైన్సు చదివితే బిడ్డ విశ్వాసము సన్నగిల్లుతుందేమోనని కొందరు అడుగుతారు. సొలొమోను లెబానోనులోని దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు వరకు చెట్లను గూర్చి, మృగములు, పక్షులు, ప్రాకు జంతువులు, చేపలను గూర్చి మాట్లాడాడని రాజుల మొదటి గ్రంథము నాల్గవ అధ్యాయములో ఉన్నది. దేవుడిచ్చిన జ్ఞానము గోడ మీది చిన్న మొక్కను కూడా పరీక్షించి చూచింది. మన బిడ్డలు కూడా చూడనివ్వండి.

సాంఘిక శాస్త్రం

సోషలంటే తేదీలు బట్టీ పట్టటమని చాలామంది అనుకుంటారు. ఆరులో పటాలు, గ్లోబు, తొలి మానవులు, గ్రామ పంచాయతీ. ఏడులో కాకతీయులు, విజయనగరం, మొగలుల కాలము, శాసనసభ. ఎనిమిదిలో ఆంగ్లేయుల పాలన, స్వాతంత్ర్య పోరాటం, రాజ్యాంగం, పార్లమెంటు, న్యాయస్థానాలు. స్థూలంగా ఇదీ వరుస.

ఒక చిన్న సంగతి చూడండి. దేశమంతటి గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ సమీపంగా పోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగటానికి నాలుగు నిమిషాలు. 82½ని నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. అందుకే గ్రీనిచ్‌లో అర్ధరాత్రి పన్నెండు అయినప్పుడు మనకు తెల్లవారుజామున అయిదున్నర. గల్ఫులో ఉన్న అన్నకు ఫోను ఏ వేళకు చేయాలో తెలిసిన ప్రతి ఇంటికీ ఈ పాఠం తెలుసు.

రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొంది, 1950 జనవరి 26న అమలులోనికి వచ్చింది. ముసాయిదా సంఘానికి డాక్టర్ అంబేద్కర్‌గారు అధ్యక్షులు. 25వ అధికరణం మన ఆరాధన స్వేచ్ఛను గూర్చినది. 2002లో చేసిన సవరణ ద్వారా చేర్చిన 21ఎ అధికరణం ఆరు నుండి పద్నాలుగేళ్ల బిడ్డల చదువును ప్రాథమిక హక్కు చేసినది. గ్రామసభలో మాట్లాడే హక్కు ఎవరిదో, పింఛను ఎవరిని అడగాలో, అన్యాయం జరిగితే ఏ కోర్టుకు పోవాలో ఈ పుస్తకంలోనే ఉన్నది. మన ఇళ్లకు ఇంతకన్న అవసరమైన చదువు ఏమున్నది?

సంఘములకు ఒక మాట. చదువు మనకు కొత్తది కాదు. హేయర్‌గారు 1842లో గుంటూరు వచ్చి సేవ ఆరంభించినప్పుడు బడిని కూడా ఆరంభించారు. రాబర్ట్ నోబుల్‌గారు 1843లో మచిలీపట్నంలో పాఠశాల తెరిచారు. ఆ తరువాత పల్లెలలో ఒకే తాటాకు పాకలో వారమంతా బడి, ఆదివారము ఆరాధన జరిగేవి. ఉపదేశిగారే బడిపంతులు. మన తాతలకు అక్షరము, సువార్త ఒకే చేతి నుండి అందినవి. ఈనాడు గుడి సిమెంటు గుడి అయింది. వారమంతా తాళం వేసి ఉంటున్నది.

అందుబాటులో ఉన్న సహాయాలు

ఈ వయసు పిల్లల కొరకు ఉన్న కొన్ని అవకాశాలు మన ఇళ్లకు తెలియకుండానే గడిచిపోతున్నాయి.

ఎనిమిదవ తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉన్నది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో చదివే పిల్లలు వ్రాయవచ్చు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుండి ఇంటర్ రెండవ సంవత్సరం వరకు ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలలో నుండే చాలా ప్రశ్నలు వస్తాయి. ఐదవ తరగతిలో ఉండగా వ్రాసే పరీక్షతో జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరవ తరగతి సీటు వస్తుంది. అందులో కనీసం నూటికి డెబ్బై అయిదు సీట్లు పల్లెటూరి పిల్లలవే. చదువు మానేసిన, మానే స్థితిలో ఉన్న ఆడపిల్లలకు 2004 నుండి కస్తూరిబా బాలికా విద్యాలయాలు ఉన్నాయి. ఆరవ తరగతి నుండి భోజనము, వసతి అక్కడే.

ఇంట్లో, సంఘంలో చేయదగినవి

1. రోజూ అన్నం దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: "ఈ రోజు బడిలో నీకు అర్థం కానిది ఏమిటి?" ఎన్ని మార్కులు అని అడిగితే బిడ్డ దాచుకుంటాడు. అర్థం కానిది ఏమిటి అంటే చెబుతాడు.

2. రాత్రి ప్రార్థనలో వాక్యము బిడ్డ చేత చదివించండి.

3. నెలకు ఒకసారి బడికి స్వయంగా వెళ్లండి. కబురు కాగితాల మీద ఆధారపడవద్దు. కూలి పోతుందని వెనుకాడవద్దు. ఒక పూట కూలికి బిడ్డ భవిష్యత్తు తక్కువైనది కాదు. చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలు. అక్కడ కూర్చోవటం మీ హక్కు.

4. మిరప కోతలకు, పత్తి తీతలకు పిల్లలను పిలువవద్దు. నాలుగు రోజులేగదా అనిపిస్తుంది. ఆ నాలుగు రోజులలో పోయిన పాఠం దొరకక ఐదవ రోజు నుండి బడి భయమవుతుంది.

5. సంఘ కాపరులు, పెద్దలు వారానికి మూడు సాయంత్రాలైనా గుడి తాళం తీయించండి. లైటు, చాప, డిగ్రీ చదువుతున్న ఒక యౌవనస్థుడు ఉంటే చాలు. మతభేదం లేకుండా ఊరి పిల్లలందరినీ రానివ్వండి.

6. బిడ్డ ప్రశ్న అడిగితే నవ్వకండి. ఎవరినీ నవ్వనివ్వకండి. దేవాలయములో పన్నెండేళ్ల ప్రభువు ప్రశ్నలు అడిగినప్పుడు అక్కడి బోధకులు ఆయనను కూర్చోనిచ్చారు, ఆయన మాటలు విన్నారు.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఏడు వాడు పోగొట్టుకున్న పాఠాలన్నీ తిరిగి రాలేదు. ఎనిమిదవ తరగతిలో లెక్కల మార్కులు ఇప్పటికీ అంతంతమాత్రమే. అయితే బడి మానలేదు. మా గుడి వరండాలో సాయంత్రం కూర్చునే పదకొండు మందిలో వాడు ఒకడు. చెల్లెలు ఆరవ తరగతికి వచ్చింది. వాళ్ల అమ్మ ఈ మధ్య ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపి, "మాస్టారూ, పిల్లదానికి భిన్నాలు మొదలుపెట్టారంట. అవి ఎట్టా ఉంటయ్యో ఒకసారి నాక్కూడా చెప్పండి. రొట్టె తుంచినట్టేనా?" అన్నది.

రొట్టె తుంచినట్టేనమ్మా, అన్నాను.

ప్రార్థన: ప్రభువైన యేసూ, పన్నెండేళ్ల ప్రాయంలో బోధకుల నడుమ కూర్చున్న దేవా, బడిలో కూర్చున్న మా బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. అర్థము కానప్పుడు అడుగుటకు వారికి ధైర్యమును, అడిగినప్పుడు ఓర్పుతో వినుటకు మాకు, వారి ఉపాధ్యాయులకు మనస్సును దయచేయుము. దారి తప్పిన బిడ్డలను వెదకుటకు వెనుకకు తిరుగునట్లు మా పాదములను నడిపించుము. ఆమేన్.